పడవ మీద పని ఎవరిది?

శీతాకాలం వచ్చి ఈశాన్యపు గాలి కుదురుకుందంటే అండమాన్‌లో మా రేవులో తెల్లటి తెరచాప పడవలు లంగరేసుకుని కనబడతాయి. 2024లో మా ఊరు పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది గానీ ఆ పడవల రాక మాత్రం మారలేదు. ఫుకెట్ నుంచో లంకావి నుంచో వస్తాయి. చాలావాటిలో ఉండేది ఇద్దరే, మొగుడూ పెళ్లామూ. వాళ్లను చూసి మా షాదీపూర్ పేటలో అందరూ అనే మాట ఒక్కటే: "బతుకంటే వాళ్లది, పనా పాటా!" యూట్యూబ్ వీడియోలొచ్చాక ఆ మాటకు బలం ఇంకా పెరిగింది. తెలియక అంటున్నారని ఊరుకుందును. కానీ ఇంటి చాకిరీని పనిగా లెక్కకట్టని మన పాత బుద్ధే దాని వెనక ఉంది. అందుకే ఊరుకోలేను.

ఆ పడవల్లో తెల్లారితే మొదటి లెక్క నీళ్లది. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, ఆఖర్న చెంబుడు మంచినీళ్లతో తొలుస్తారు. బట్టలకు ఆ వీలు కూడా లేదు. ఉప్పునీళ్లలో జాడించిన దుప్పటి మధ్యాహ్నానికి ఎండినట్టే ఉంటుంది. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది కాబట్టి రాత్రికి మళ్లీ చెమ్మగిల్లుతుంది. పడుకుంటే ఒళ్లంతా దురద. రెండేళ్ల కిందట జెట్టీ దగ్గర అలాంటి పడవ ఇల్లాలిని చూశాను. రబ్బరు పడవలోంచి క్యాన్లు దింపి కొళాయి దగ్గర పెట్టింది. నింపే ముందు ఒక్కోదాన్నీ వాసన చూసింది. ఒలికే నీళ్లు పోకుండా కింద గిన్నె పెట్టింది. క్యాన్లన్నీ నిండాక ఆ గిన్నెలో నీళ్లతో మొహం, మెడ, మోచేతులు కడుక్కుంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మాకు నీళ్లిచ్చే ధనీఖారీ డ్యామ్‌లో మట్టం పడిపోయిన ప్రతి వేసవిలోనూ కొళాయి రోజు తప్పించి రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వచ్చే ఊరు మాది. బియ్యం కడిగిన నీళ్లు ఎటు పోవాలో, బట్టలు జాడించిన నీళ్లు ఎటు పోవాలో షాదీపూర్ ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మెయిన్‌లాండ్ నుంచి ఓడ రాకపోతే కూరగాయల ధర ఎంతవుతుందో కూడా వాళ్లకు తెలుసు. అలాంటి వాళ్లే ఆ పడవను చూసి "హాయి" అంటే నాకు బాధేస్తుంది.

వంట సంగతి చెబుతాను. పడవ ఎటు ఒరిగినా గిన్నె నిలవాలని పొయ్యిని ఊగేలా బిగిస్తారు. వంటగ్యాసు గాలికన్నా బరువు. కారిందంటే పైకి పోదు, పడవ అడుక్కి దిగి అక్కడే ఉండిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని వంటైన ప్రతిసారీ సిలిండర్ దగ్గరే కట్టెయ్యాలి, ఒక్క పూట కూడా మరవకూడదు. చేతి పంపుతో నడిచే మరుగుదొడ్డి మూసుకుపోతే విప్పి కడుక్కోవలసింది ఆ ఇద్దరే. అడుగున పట్టిన నాచు, గుల్ల నీళ్లలో మునిగి గీకాలి. మన దీవుల్లో మొసళ్లున్న తావులు చూసుకుని మరీ దిగాలి. రోజూ రేడియోలో పోర్ట్ కంట్రోల్‌కి తామెక్కడున్నదీ చెప్పుకోవాలి. రాత్రి గాలి తిరిగితే లంగరు జారిందేమోనని లేచి చూడాలి. ఇందులో విహారం ఎక్కడుందో నాకు కనబడలేదు.

ఇంతకన్నా మొండి మాట ఇంకోటుంది. సరంగు ఆయన, వంట ఆవిడది, అది సహజమేగా అంటారు. మన జాలరిపేటల నుంచి ఇక్కడి జంగ్లీఘాట్ రేవు దాకా ఉన్న నమ్మకమే ఇది: పడవ మగవాడిది, గట్టు ఆడదానిది. నేను ఒప్పుకోను. నడిసముద్రంలో ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు నిద్రపోతే మెలకువగా ఉన్నవాళ్లే సరంగు. మూడు నాలుగు గంటలకోసారి మనిషి మారాల్సిందే. ఆయన కాలుజారి నీళ్లలో పడితే, పడవ తిప్పడం రాని ఆవిడ ఎలా కాపాడుతుంది? ట్యాంకులో నీళ్లెన్ని మిగిలాయో తెలియని ఆయన ఏ రేవుకు దారి పట్టిస్తాడు? వంటిల్లు తెలియనివాడికి పడవ సగమే తెలిసినట్టు. లిన్ పార్డీ, లారీ పార్డీ దంపతులు ఇంజినే లేని 24 అడుగుల సెరాఫిన్ అనే పడవలో సముద్రాలు దాటారు. జపాన్ నుంచి కెనడా దాకా సాగిన 49 రోజుల ప్రయాణంలో ఏ రోజు ఏం వండిందీ, ఏం నిలవ ఉన్నదీ, ఏం పాడైందీ లిన్ ఒక పుస్తకంగానే రాసింది. అది నావికశాస్త్రమే.

అంత దూరం ఎందుకు, మన పిల్లలే చూపించారు. నౌకాదళం వారి తారిణి 55 అడుగుల తెరచాప పడవ. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ప్రపంచం చుట్టి, 254 రోజుల యాత్ర ముగించుకుని 2018 మే 21న తిరిగొచ్చింది. ఉన్నది ఆరుగురే, ఆరుగురూ ఆడవాళ్లే. అందులో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. వంటకు వేరే మనిషి లేడు, చుక్కానికి వేరే మనిషి లేడు. రాజమండ్రి రేవుల్లో పడవల మీదే కాపురముండే జాలరి కుటుంబాల్లోనూ అంతే. ఆయన వల విసిరితే తెడ్డు ఆవిడ చేతిలో ఉంటుంది. ఆ తెడ్డు ఆవిడ దగ్గర ఉందన్న సంగతి మన కథల్లో చెప్పలేదు.

మా పేట పేరు చూడండి. 1858 తర్వాత తెల్లదొరలు ఇక్కడికి తెచ్చిన ఖైదీల్లో నడవడిక బాగున్నవాళ్లకు, ఆడఖైదీల జైలు నుంచి పెళ్లికూతుర్ని ఎంచుకుని ఇల్లు కట్టుకోనిచ్చేవారు. ఆ షాదీల వల్లే షాదీపూర్ అయిందని పెద్దలు చెబుతారు. ఆడది వండిపెట్టి ఇల్లు నిలబెడితే తప్ప వలస నిలవదని ఆ తెల్లదొరలకు తెలుసు. తెలిసి కూడా దాని విలువ కట్టలేదు. వాళ్లు పోయి ఇన్నేళ్లయినా మనమూ కట్టడంలేదు.

ఆ పడవలవాళ్లు డబ్బున్నవాళ్లు, కోరి ఎంచుకున్న బతుకు అని అనొచ్చు. అది నిజమే, చాలామంది విషయంలో. కానీ కోరి తెచ్చుకున్నంత మాత్రాన పని తగ్గిపోదు. డబ్బుతో పడవ కొనుక్కోవచ్చు గానీ, రాత్రి రెండింటికి లంగరు మోకు ఒరుసుకుపోతుంటే లేవాల్సింది మనిషే.

ఎండలు ముదిరాయి. షాదీపూర్‌లో రేపు నీళ్లొచ్చే రోజు. డ్రమ్ములు ఎవరు నింపాలో, నిద్ర మానుకుని కొళాయి దగ్గర ఎవరుండాలో ఈ రాత్రే మొగుడూ పెళ్లామూ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.