బుకిట్ మెలావతి డచ్చి కోట కాదు

మలేషియాలోని కువాలా సెలంగోర్‌కు వెళ్ళిన మనవాళ్ళు బుకిట్ మెలావతి గుట్ట ఎక్కుతారు. కోతులకు తిండి పెట్టి, ఫిరంగుల పక్కన ఫొటోలు దిగి, ‘డచ్చి కోట చూసొచ్చాం’ అంటారు. అక్కడి దీపస్తంభం పేరు కూడా ఆల్టింగ్స్‌బర్గే. 1784లో కోటను పట్టుకున్న డచ్చివారు దానికి తమ గవర్నర్ జనరల్ విల్లెమ్ ఆర్నాల్డ్ ఆల్టింగ్ పేరు పెట్టుకున్నారు. కోట ఏడాది తిరక్కుండానే వారి చేజారింది. పేరు మాత్రం 1907లో కట్టిన దీపస్తంభం మీద ఇంకా నిలిచే ఉంది.

ఆ పేరుతో పాటు ఒక కథ కూడా నిలిచిపోయింది. సెలంగోర్‌ను ఏలిన బుగిస్ వాళ్ళు సముద్రపు దొంగలనీ, డచ్చి నౌకాదళం వారిని అణచిందనీ, సెలంగోర్ సుల్తాన్ ఇబ్రహీం కోట వదిలి పారిపోయాడనీ చెప్పే కథ అది. ఇది పూర్తిగా గెలిచినవాడి లెక్క. ఓడిన సైన్యం వైపు నుంచి చూస్తే ఇందులో ఒక్క మాటా నిలవదు.

ముందు దొంగతనం సంగతి చూద్దాం. సెలంగోర్ తగరం మొత్తం తమకే, తాము చెప్పిన ధరకే అమ్మాలన్నది డచ్చి కంపెనీ పట్టు. మచిలీపట్నం, భీమునిపట్నం రేవుల్లో మన నేతగాళ్ళ బట్టలు కొన్నది కూడా ఈ కంపెనీయే. తన సరుకును నచ్చినవాడికి అమ్ముకున్నవాడు దాని దస్త్రాల్లో దొంగ అయ్యాడు. డచ్చివారితో యుద్ధానికి నిప్పు రాజేసింది కూడా దోపిడీ సొమ్మే. 1782లో రియావు రేవులో నల్లమందుతో పట్టుబడిన బెట్సీ అనే ఇంగ్లీషు ఓడ సొమ్ములో రియావు పాలకుడు రాజా హాజీకి డచ్చివారు వాటా ఇవ్వలేదు. ఓడ సొమ్ములో వాటా ఎగ్గొట్టినవారికి ఎదుటివాణ్ణి దొంగ అనే హక్కు ఎక్కడిది?

1784లో రాజా హాజీ డచ్చివారి చేతిలో ఉన్న మలక్కాను ముట్టడించాడు. సుల్తాన్ ఇబ్రహీం సెలంగోర్ సైన్యంతో పినతండ్రికి అండగా వచ్చాడు. హాలెండ్ నుంచి డచ్చి నౌకాధిపతి వాన్ బ్రామ్ యుద్ధనౌకలు దిగాయి. జూన్ 18న తెలుక్ కెతాపాంగ్ దగ్గర రాజా హాజీ నేలకొరిగాడు. అవే నౌకలు ఆ తర్వాత సెలంగోర్ నది ముఖద్వారానికి చేరాయి. గుట్ట మీది సిపాయి కళ్ళతో ఒక్కసారి చూడండి. పెద్దదిక్కు పోయాడు. ఎదురుగా సముద్రం మీద వరుసగా శత్రునౌకలు. కోటలోనే ఉండి చస్తే మరునాటికి సెలంగోర్ కోసం పోరాడేవాడు మిగలడు.

సుల్తాన్ కోటను వదిలాడు, పోరాటాన్ని వదల్లేదు. జనం తక్కువ, అడవి ఎక్కువ ఉన్న ఆ రాజ్యాలకు రాయీ గోడా బలం కాదు, వెంట నడిచే మనుషులే బలం. ఆయన కొండలూ అడవులూ దాటి పహాంగ్ చేరాడు. అక్కడి పాలకుడు బెండహారా అబ్దుల్ మజీద్ సాయంతో కొత్త సైన్యం కూడగట్టాడు. 1785 జూన్ చివరిలో ఒక రాత్రి అడవి దారిన వచ్చి కోటపై పడ్డాడు. డచ్చి దండు నిలవలేక ఓడలెక్కింది. పారిపోయింది ఎవరో ఇప్పుడు చెప్పండి.

‘1786లో ఆయన డచ్చివారితో ఒప్పందం చేసుకోలేదా?’ అని అడుగుతారు. చేసుకున్నాడు. ఏడాదిపాటు సముద్రం మీద దిగ్బంధం నడిచాక డచ్చి ఆధిపత్యాన్ని ఒప్పుకున్నాడు. ఆ నష్టాన్ని దాచనక్కర్లేదు. అయితే సంతకం పెట్టేనాటికి కోట ఆయనది, గద్దె ఆయనది. డచ్చివారు కోరింది ఇది కాదు.

ఓడినవాడి చరిత్ర దొరకదు అనే మాట కూడా చెల్లదు. రాజా హాజీ మనవడు రాజా అలీ హాజీ పందొమ్మిదో శతాబ్దంలో మలయ్‌లో రాసిన తుహ్‌ఫత్ అల్-నఫీస్‌లో ఈ యుద్ధాలు బుగిస్ వైపు నుంచి ఉన్నాయి. చదివేవాళ్ళు లేకపోతే ఆ తప్పు గ్రంథానిది కాదు.

తెలుగువారికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1757లో బొబ్బిలి కోట కూలింది. గెలిచింది విజయరామరాజు, ఆయన వెనకనున్న బుస్సీ ఫిరంగులు. అయినా రెండున్నర శతాబ్దాలుగా మన ఊళ్ళు కథ చెప్పుకుంటున్నది రంగారాయుడిదీ, తాండ్ర పాపారాయుడిదీ. బొబ్బిలిని ‘బుస్సీ కోట’ అంటే మనం ఊరుకుంటామా? పరాయి గడ్డ మీద మాత్రం గెలిచినవాడి పేరే పలకడం న్యాయం కాదు.

ఆ గుట్ట మీద సెలంగోర్ తొలి సుల్తానుల సమాధులున్నాయి. ఇబ్రహీం కూడా అక్కడే ఉన్నాడు. డచ్చి కంపెనీ 1799తో మూతపడింది. 1825లో డచ్చివారు మలక్కాను ఇంగ్లీషువారికి అప్పజెప్పి వెళ్ళిపోయారు. ఇబ్రహీం 1826లో సుల్తాన్‌గానే కన్నుమూశాడు.