గాలి మీద నెట్టేస్తే సరా?

"మందు మా చేలోనే కొట్టాం, గాలి ఎటు తీసుకుపోయిందో మాకేం తెలుసు?" సింధనూరు వైపు మన కాంపుల్లో తరచూ వినే మాట ఇది. తుంగభద్ర కాలువ వెంట వచ్చి నల్లరేగడిని వరిమళ్ళు చేసిన మనవాళ్ళకు గట్టు జానెడు జరిగితే తెలుస్తుంది. తూములో నీళ్ళు అరగంట ఆలస్యమైతే తెలుస్తుంది. మందు గట్టు దాటితే మాత్రం తెలియదట!

తెలుసుకోవడం బ్రహ్మవిద్య కాదు. తడి తగిలితే నీలంగా మారే పసుపుపచ్చ కాగితాలు దొరుకుతాయి. పోయిన ఖరీఫ్‌లో తెప్పించి, గాలి వీచే దిక్కున గట్టుకు 5, 10, 20 మీటర్ల దూరాన కర్రలకు గుచ్చాను. తెల్లవారుజామున పెట్టడంతో మొదటిరోజువన్నీ మంచుకే నీలమై దండగయ్యాయి. మర్నాడు ఎండెక్కాక పెట్టాను. 5 మీటర్ల దగ్గరిది మచ్చలతో నిండిపోయింది. 20 మీటర్ల దాని మీద కూడా చుక్కలున్నాయి. ఆ పక్కనే కూలీల గుడిసెలు, ఆరుబయట పొయ్యిలు. ఆ మందు కొట్టించింది నేనే.

కాగితం తుంపర పడిందని చెబుతుందే గాని మందెంతో చెప్పదు. అందుకు ట్యాంకులో రంగు కలిపి, వడపోత కాగితాల మీద పడినదాన్ని ప్రయోగశాలలో కొలుస్తారు. గాలివేగం, వేడి, తేమ కూడా రాసుకుంటారు. 100 మైక్రాన్ల లోపు తుంపర, అంటే ఇంచుమించు వెంట్రుక మందం, తేలిగ్గా కొట్టుకుపోతుంది. మనకేమో పొగలా కొడితేనే తృప్తి. ఒత్తిడి తగ్గించి, ముతక తుంపర పడే నాజిల్ పెట్టమంటే వినేవాడు లేడు.

రుజువేదంటారు. కాసరగోడు జీడితోటల మీద 1970ల చివరినుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. తరవాత దాన్ని జనం నెత్తుట్లో వెతకవలసి వచ్చింది. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఆ మందును ఆపింది. మనమూ నెత్తురు తీసేదాకా ఆగుదామా?

ఇప్పుడు డ్రోన్లొచ్చాయి. అద్దెకు తెచ్చిన కుర్రాణ్ణి గాలివేగమెంతని అడిగితే ఆకాశంకేసి చూశాడు.

మందు కొట్టే ముందు గుడిసెలవాళ్ళకు కన్నడంలో ఒక మాట చెబుదామని కాంపు పెద్దలను అడిగాను. "లేనిపోని పేచీ మనకెందుకు, ఊరుకోవయ్యా" అన్నారు. నా దగ్గర ఇంకా 18 కాగితాలున్నాయి. ఈసారి వాళ్ళ చేల పక్కన పెడతాను.