ఇంటర్వెల్ కబుర్లు: జేబులో విలన్
విలన్లు తెర మీదే ఉంటారనుకునేవాణ్ణి, ఒకడు నా జేబులో దూరేదాకా!

డిగ్రీ చదివే రోజులు. అన్నయ్య తెల్ల టెరిలిన్ చొక్కా అడక్కుండా తొడుక్కుని మ్యాట్నీకి పరుగెత్తాను. నేల టిక్కెట్ల క్యూలో తోపులాట సంగతి వేరే చెప్పాలా? టిక్కెట్టు దొరికింది, హీరో గెలిచాడు. తీరా లైట్లు వెలిగాక చూసుకుంటే జేబు కింద అరచేయంత నీలం మచ్చ! డాట్ పెన్ను రీఫిల్ కక్కేసింది. మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఆ చొక్కాతోనే ఇంటర్వ్యూకి వెళ్ళాలి.

ఆ క్షణాన ఆక్టోపస్‌నై పుట్టినా బాగుండేది. శత్రువు మీదికొస్తే అది ఒంట్లోని సంచిలోంచి సిరా చిమ్మి, ఆ నల్లమబ్బు చాటున ఉడాయిస్తుంది. స్క్విడ్, కటిల్ ఫిష్‌లదీ ఇదే ఎత్తు. ఒక్కోసారి సిరాలో జిగురు ఎక్కువ కలిపి వదులుతాయి. అప్పుడది చెదిరిపోకుండా, ఇంచుమించు ఆ జీవి అంత ముద్దగా నీళ్ళలో నిలబడుతుంది. శత్రువు దాని మీద పడతాడు, అసలుది జారుకుంటుంది. డూప్ అన్నమాట! ఆ నలుపు మెలనిన్‌ది. మన జుట్టుకి నలుపునిచ్చేదీ అదే.

కటిల్ ఫిష్ సిరాతో యూరప్ చిత్రకారులు బొమ్మలు గీశారు. దాని పేరే సెపియా. పాత స్టిల్స్‌లోని గోధుమ రంగునీ సెపియా అంటాం గానీ, అందులో సముద్రపు సిరా చుక్క కూడా లేదు. ఫోటోలోని వెండి గంధకంతో కలిస్తే వచ్చే రంగది.

వెండి అంటే గుర్తొచ్చింది. ఓటేసినప్పుడు వేలికి పూసే సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. 1962 ఎన్నికల నుంచీ వాడుతున్నారు. ఒంటి మీది ఉప్పుతో కలిసి, వెలుతురు సోకి నల్లబడుతుంది. బ్లాక్ అండ్ వైట్ సినిమాలకు బొమ్మనిచ్చిందీ వెలుతురు సోకిన వెండి లవణాలే! ఆ మచ్చతో మాత్రం కుస్తీ పట్టకండి. చర్మం రాలి, గోరు పెరిగితేనే పోతుంది.

ఇంతకీ చొక్కా... సలసల కాగే నీళ్ళు పోశాను. సబ్బు పెట్టి బరబరా రుద్దాను. తడి ఆరాలని ఇస్త్రీ కూడా చేశాను. మూడూ తప్పే! వేడికి మచ్చ బట్టలో పాతుకుపోయింది.

డాట్ పెన్ను సిరా జిడ్డు సరుకు, నీళ్ళకు లొంగదు. మచ్చ కింద పాతగుడ్డ పరిచి, దూదిని స్పిరిట్‌లో ముంచి అంచు నుంచి లోపలికి అద్దాలి. రుద్దకూడదు. దూది నీలమైనప్పుడల్లా మార్చాలి. ముందు చొక్కా లోపలి మడత మీద ఓ చుక్క వేసి, రంగు పోతుందేమో చూసుకోండి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, స్పిరిట్ భగ్గుమంటుంది. ఇంకు పెన్ను మరకైతే వెంటనే చన్నీళ్ళ కింద పెట్టండి. బ్లూబ్లాక్ అయితే అందులో ఇనుము ఉండొచ్చు, ఉతికాక తుప్పు రంగు మిగులుతుంది. తెల్ల నూలు బట్టయితే దానికి నిమ్మరసం, ఉప్పు. పట్టుచీరల మీద ఈ ప్రయోగాలు చేసి అమ్మ చేత తిట్లు తినకండి!

అన్నయ్య కేకలేస్తాడనుకున్నాను. "ఒరేయ్, అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదరా" అన్నాడంతే. సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకుని ఇంటర్వ్యూకి వెళ్ళాడు.

ఉద్యోగం వచ్చిందా అంటారా? రాలేదు. దానికీ మచ్చకీ సంబంధం లేదని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. నేను నమ్మను.