వెనుకఁ గూర్చుండువారు

జీడిమెట్ల పారిశ్రామికవాడకుఁ బోవు లారీల నడుమ స్కూటరుపై నేఁగు దంపతులను నిత్యము చూచుచున్నాము. భర్తకు హెల్మెటు గలదు. వెనుకఁ గూర్చున్న భార్యకో, పూలచెండే శిరస్త్రాణము! మేమును మొన్నటివఱకు నట్లే పోయితిమి. కొప్పు చెదరునని మా సాకు.

1988 నాటి మోటారు వాహనముల చట్టమందలి 129వ సెక్షను నడపువారికిని వెనుకవారికిని భేదము చూపదు. నాలుగేండ్లు దాఁటిన పిల్లలకును హెల్మెటుండవలెనని 2019 సవరణలో స్పష్టముగా నున్నది. 1989 నాటి నియమములలో 123వది మాకు మఱింత వింత గొలిపినది. వెనుకవారి వస్త్రములు చక్రమునఁ జిక్కకుండ దానిని సగమైనను గప్పు తొడుగు, పట్టుకొనుటకుఁ బిడి, పాదములకు నాధారము బండికుండవలెనఁట. ఆ తొడుగు మా బండికున్నదో లేదో మే మెన్నఁడును చూడనేలేదు.

ఇప్పుడు కొప్పును మెడవఱకు దించి ముడుచుచున్నాము. హెల్మెటు చక్కఁగ నమరుచున్నది. గడ్డముక్రింది పట్టీని బిగించి, కొంగును ముందునకుఁ దెచ్చి నడుమునఁ జెక్కుకొని మఱి యెక్కుచున్నాము.