కుక్కకన్నా ముందు మనకు ఈత రావాలి

నీళ్లలో మునిగేవాళ్లను ఒడ్డుకు చేర్చే ఇటలీ కుక్కల వీడియోలు చూసి ‘మనమూ ఓ క్లబ్బు పెడదాం’ అనే కుర్రాళ్లున్నారు. మంచిదే. సాగర్ కుడి కాలువ, కృష్ణమ్మ రెండూ ఉన్న పల్నాడుకు ఇది ఊసుపోని కబురేం కాదు.

కానీ ఆ పని ఎలా జరుగుతుందో చూడండి. 1989లో ఫెర్రుచ్చో పిలెంగా మొదలుపెట్టిన ఇటలీ శిక్షణ సంస్థలో కుక్కా, మనిషీ కలిసే జట్టు. కుక్కకు తొడిగిన హార్నెస్ పిడి పట్టుకుంటే బాధితుణ్ని లాక్కొస్తుంది. పక్కనున్న మనిషికే ఈత రాకపోతే? కాపాడాల్సినవాళ్లు ఇద్దరవుతారు!

అక్కడ పేరున్న జాతి న్యూఫౌండ్‌ల్యాండ్. ఒత్తయిన బొచ్చు, 60 కిలోల బరువు. దాన్ని రెంటచింతల ఎండలో పెంచడం పాపం. మనకు లాబ్రడారే నయం. అదీ పిల్లప్పట్నుంచి నిలకడ నీళ్లలో, బలవంతపెట్టకుండా, తెల్లవారుజామున నేర్పాలి. పారే కాలువలో వద్దు. లైనింగ్ ఏటవాలుగా ఉంటుంది. పాచి పట్టినచోట మనిషికే కాలు నిలవదు, కుక్కెలా ఎక్కుతుంది?

అందుకే నా మాట: క్లబ్బుకు మొదటి ఏడాది కుక్కే వద్దు. ఈత, నీళ్లలో దిగకుండా ఒడ్డునుంచే తాడు విసరడం, సీపీఆర్ నేర్చుకోండి. తర్వాతే కుక్కపిల్ల.

ఇది ఉద్యోగమవుతుందా అంటారా? గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉంది. క్లబ్బు సర్టిఫికెట్ చూపిస్తే చేర్చుకోరు. అక్కడికి కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్‌పై వస్తారు. ఆ బలగాల్లోకి ఓ దారి ఎస్సెస్సీ జీడీ కానిస్టేబుల్ పరీక్ష. పుస్తకాలూ తీయండి మరి.