బండి వదిలేస్తే పరిహారమూ పోతుంది

కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ బోల్తా పడుతుంది. దానికి బీమా ఉండదు. బండి యజమాని, కూలి పని ఇచ్చే ఆసామి ఒక్కరే. పెద్దమనుషులు కూర్చుని మట్టి ఖర్చులకు ఎంతో కొంత ఇప్పించి, రాజీ కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. మళ్లీ ఆ పొలానికే పోవాలి కనుక వాడలో ఎవరూ నోరెత్తరు.

బీమా లేదంటే పరిహారం లేదని కాదు. అప్పుడు చెల్లించాల్సింది యజమానే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద, తప్పెవరిదో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు అడగవచ్చు. అంతకు మించి కావాలంటే సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. 2019 సవరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది.

అసలు చిక్కు వసూలు దగ్గరే. తీర్పు వచ్చేసరికి యజమాని పేరున ఏమీ మిగలకపోవచ్చు. అందుకే బండి ముఖ్యం. బీమా లేని బండిని పూచీకత్తు లేకుండా విడుదల చేయకుండా, మూడు నెలల్లో పూచీకత్తు ఇవ్వకపోతే వేలం వేసి ఆ సొమ్ము ట్రిబ్యునల్‌లో జమ చేసేలా నిబంధనలు తేవాలని 2018లో ఉషాదేవి కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కాబట్టి రాజీ మాటల కంటే ముందు ఎఫ్ఐఆర్ నకలు తీసుకోవాలి, బండి విడుదలపై కోర్టులో అభ్యంతరం వేయాలి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. ఆ దరఖాస్తు రాసిపెట్టడం మనలాంటి చదువుకున్నవాళ్లు మొదటి వారంలోనే చేయగల పని.