ద్వీపంలో బి.యస్సీ. పట్టాకు వెల ఎంత?

దక్షిణ అండమాన్‌లోని ఫెరార్‌గంజ్ నుంచి ఒక తెలుగు రైతు వ్రాసిన ఉత్తరం గత వారం నాకు అందింది. పార్లమెంటు విలేఖరులకు వచ్చే ఉత్తరాలలో అధికభాగం సిఫారసుల కోసమే. ఇందులో ఆ ఊసు లేదు. తాతగారు శ్రీకాకుళం తీరాన ఓడ ఎక్కి వలస వెళ్లారట. తనకున్నది కొద్దిపాటి పోకతోట. కుమార్తె పన్నెండవ తరగతి జీవశాస్త్రంతో ముగించి, వైద్య ప్రవేశ పరీక్ష వ్రాసి, సీటు రాక ఇంట కూర్చున్నది. ఆయన అడిగినది ఒక్కటే: "బి.యస్సీ. చదివిస్తే చివరకు చేతికి ఏమి వస్తుందండీ? ధైర్యం చెప్పవద్దు, లెక్క చెప్పండి."

ఆ ఊరి పేరులోనే ఒక చమత్కారం ఉన్నది. 1923 నుంచి 1931 వరకు అండమాన్ చీఫ్ కమిషనర్‌గా ఉన్న మైకేల్ లాయిడ్ ఫెరార్ పేరిట వెలసిన ఊరది. కాలాపానీని ఏలడం ఆ దొరగారి ఉద్యోగం; సీతాకోకచిలుకలను సేకరించడం వ్యసనం. అండమాన్, నికోబార్ దీవుల సీతాకోకచిలుకలపై ఆయన వ్యాసం 1948లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో వెలువడింది. జీతం మరొక చోట నుంచి వస్తూ ఉంటే జీవశాస్త్రం ఎంతటి రమ్యమైన శాస్త్రమో!

ఆ దీవులలో శాస్త్రానికి సరుకు తక్కువేమీ లేదు. 11,009 జంతుజాతులున్నాయనీ, వాటిలో 1,067 ప్రపంచంలో మరెక్కడా కానరావనీ భారత జంతు సర్వేక్షణ సంస్థ లెక్క తేల్చింది. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ సంస్థకూ, వృక్ష సర్వేక్షణ సంస్థకూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. వ్యవసాయ, వైద్య పరిశోధనా సంస్థలు వేరే ఉన్నాయి. పాండిచ్చేరి విశ్వవిద్యాలయపు సముద్ర జీవశాస్త్ర విభాగం కూడా అక్కడే. అయినా స్థానిక పట్టభద్రుల పాలిటికి ఈ వైభవమంతా అడవిగాచిన వెన్నెల వలెనే ఉన్నది.

కారణం కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ 2020 ఆరంభంలో జారీ చేసిన ప్రాజెక్టు సిబ్బంది వేతనాల పట్టికలో కనపడుతుంది. బి.యస్సీ. పట్టాతో చేరే ప్రాజెక్టు అసిస్టెంటుకు అది నిర్ణయించిన మొత్తం నెలకు 20,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం. మూడేళ్ల ఇంజనీరింగ్ డిప్లొమాకూ అదే మొత్తం. దానికి పై మెట్టుకు జీవశాస్త్రజ్ఞుడైతే యం.యస్సీ. ఉండాలి, ఇంజనీరుకు మొదటి డిగ్రీయే చాలు. రెండు విద్యలను ప్రభుత్వం ఏ తక్కెడలో తూచినదో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. మరొక పోలిక. పన్నెండవ తరగతి అర్హతతో చేరే లోయర్ డివిజన్ గుమాస్తాకు ఏడవ వేతన సంఘం నిర్ణయించిన మూలవేతనం 19,900. దానికి కరువు భత్యం కలుస్తుంది. 2024 జనవరి నాటికే అది మూలవేతనంలో సగానికి చేరింది. పైగా గుమాస్తాది స్థిరమైన కొలువు. ప్రాజెక్టు ఉద్యోగం ప్రాజెక్టుతోనే సరి.

అయితే పట్టా నిష్ప్రయోజనమా? కాదు. బ్యాంకులు, కేంద్ర కార్యాలయాల పోటీ పరీక్షలకు ఏ పట్టా అయినా చాలు. కాని అక్కడ జీవశాస్త్రానికి అదనంగా దక్కేది శూన్యం. శాస్త్రానికి శాస్త్రంగా ధర పలికే చోటు బడి. బి.యస్సీ.పైన రెండేళ్ల బి.ఇడి. చేసి, అర్హత పరీక్ష గట్టెక్కి ఎంపికైన పట్టభద్ర ఉపాధ్యాయునికి అదే వేతన సంఘం ఇచ్చిన ఆరంభ మూలవేతనం 44,900. అనగా ఈ చదువు మూడేళ్లది కాదు, అయిదేళ్లది. మూడేళ్లకు ఆగినవారికి సగం కట్టిన వంతెనే మిగులుతుంది.

ఇక రద్దీ సంగతి. 2024లో వైద్య ప్రవేశ పరీక్ష వ్రాసినవారు 23 లక్షలకు పైగా, యం.బి.బి.యస్. సీట్లు లక్ష పైచిలుకు. మిగిలినవారిలో ఎందరో ఓదార్పుగా చేరేది బి.యస్సీ.లోనే. ఓదార్పుగా కొన్న సరుకుకు అంగడిలో బేరం పడిపోవడం సహజం.

అండమాన్‌కు శాసనసభ లేదు. ఆ దీవుల గోడు హోం శాఖ పద్దుల చర్చలో వినిపించాలి. వినిపించవలసినది ఏకైక లోక్‌సభ సభ్యుడు. 2011 జనాభా లెక్కలలో సుమారు 13 శాతంగా తేలిన తెలుగువారికీ ఆ ఒక్క గొంతే ఆధారం. ఆ గొంతుతో అడగవలసిన ప్రశ్న నా దృష్టిలో ఒకటి ఉన్నది. ఫెరార్‌గంజ్‌కు దక్షిణంగా వందల కిలోమీటర్ల దూరంలోని గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం నిర్మించే పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. 130 చదరపు కిలోమీటర్ల అడవికి సంబంధించిన ఆ పథకం మంచిచెడ్డలపై జరిగిన వాదం పాఠకులు ఎరిగినదే. నేడు నా ప్రస్తావన వేరు. పగడపు దిబ్బలను తరలించి కాపాడే పని జంతు సర్వేక్షణ సంస్థకు, సముద్రపు తాబేళ్ల రక్షణ డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థకు ఆ అనుమతిపత్రం అప్పగించింది. ఏళ్ల తరబడి సాగవలసిన పని అది. తీరం వెంట తిరిగి గూళ్లు లెక్కించే చేతులు కావాలి. ఆ చేతులు దీవుల బిడ్డలవై ఉండాలని నియమం పెట్టడానికి ఏమి అడ్డు? జీతపు పట్టికను సవరించడం కంటె ఇది సులభం. పెద్ద విద్వాంసులను బయటి నుంచి తెచ్చుకోవడాన్ని ఎవరూ కాదనరు. బుట్ట మోసేవారిని కూడా ఓడలో దింపుకోవడమే విడ్డూరం.

పోకతోట అమ్మి ఒడ్డున ప్రైవేటు సీటు కొనవద్దని ఆ రైతుగారికి జవాబు వ్రాశాను. 1967లో స్థాపించిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం ఊరికి చేరువలోనే ఉన్నది, ప్రభుత్వ కళాశాల. అమ్మాయికి ఇష్టమైతేనే అక్కడ చేర్పించి, అయిదేళ్ల ఖర్చుకు ఇప్పుడే సిద్ధపడమన్నాను. గ్రేట్ నికోబార్ ఉద్యోగాల ప్రశ్నను తమ సభ్యునికి పంపమని కూడా సూచించాను. లోక్‌సభలో ప్రశ్నకు పదిహేను రోజుల ముందస్తు నోటీసు చాలు.